పొడుగు చేతుల కోటు

ఆసుపత్రి మేడమీద, ఎముకల వార్డు బయట ఒక బల్ల. బల్ల మీద కూర్చున్నది లోపల పడుకున్న పిల్ల తల్లి, కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాలకి చేతులు అతికే మనిషి. ఎదురుగా నిలబడ్డది ఇనప మిషన్ల పని నేర్పే బడుల తనిఖీ ఆఫీసరు. పేరుకి పెద్ద ఆఫీసరే, కానీ ఆ మధ్యాహ్నం ఆమెని కూర్చోమని చెప్పే దిక్కు కూడా లేదు.

“నిద్రపోతోందని చెప్పాను కదా మేడమ్.”

“లేపనమ్మా. లేచేదాకా ఇక్కడే ఉంటాను.”

“ఎప్పటికి లేస్తుందో ఏమో. మందు మత్తు. మీకు బోలెడు పనులుంటాయి.”

“ఇవాళ ఇదే నా పని.”

“అయ్యో, మాకోసం పని మానుకుని వచ్చారా?”

“మానుకుని కాదమ్మా, ఇదే పని అంటున్నాను. రెండు ముక్కలు అడిగి వెళ్ళిపోతా.”

“నిన్న కూడా రెండు ముక్కలే అడిగారటగా దాన్ని.”

“ఏమన్నారు?”

“ఏం లేదు. కూర్చోండి. అటు కాదు, అటువైపు బల్లకి కాలు విరిగింది. ఇటు, నా పక్కన.”

“డాక్టరుగారు ఏమన్నారు?”

“చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారు. ఉంగరం వేలు ఉంటుందో ఊడుతుందో రేపు చెప్తారట. బొటనవేలికి ఏం కాలేదు. అదృష్టవంతురాలన్నారు.”

“అదృష్టమా!”

“బొటనవేలుంటే చెంచా పట్టుకోవచ్చట. నేనూ అవునవునన్నాను. అంత చదువుకున్న మనిషి చెప్తే కాదంటామా?”

“కుడి చెయ్యేనా?”

“మీరు అక్కడే ఉన్నారు కదా మేడమ్.”

“ఉన్నాను. ఉన్నానమ్మా. నెత్తురు చూశాక నాకింక ఏదీ సరిగ్గా గుర్తులేదు. ఎవరో స్విచ్చి ఆపారు. ఎవరో అరిచారు. అరిచింది నేనేనేమో.”

“ఎడమ చెయ్యయినా బాగుండునే అని రాత్రంతా అనుకుంటూ కూర్చున్నా. చూడండి మనిషి ఆశ. దేవుడితో బేరం పెట్టేదేదో రెండు చేతులూ బాగుండాలని పెట్టొచ్చుగా? ఉహూఁ. ఎడమ చెయ్యయితే చాలు అనుకున్నా.”

“స్కూలు నుంచి ఎవరైనా వచ్చారా?”

“ప్రిన్సిపాల్ సారు వచ్చారు పొద్దున్న. పళ్ళు తెచ్చారు.”

“ఏమన్నారు?”

“కడుక్కుని తినమన్నారు.”

“అమ్మా, నేనడుగుతున్నది—”

“తెలుసు మేడమ్ మీరు దేనికి అడుగుతున్నారో. నాకు తెలీక కాదు.”

“సరే, అది వదిలెయ్యండి. ఆ కోటు ఎవరిది?”

“ఏ కోటు?”

“నీలం కోటు. నిన్న మీ అమ్మాయి వేసుకున్నది. కోటు నిండా గ్రీజు మరకలు. పిల్లల గోళ్ళు చూస్తే మాత్రం అద్దంలా ఉన్నాయి. వరసగా ఆరుగురు ఆడపిల్లలు మిషన్ల ముందు నిలబడ్డారు, ఒక్కదాని వేలికీ నూనె జిడ్డు లేదు. నేనేమన్నా గుడ్డిదాన్నా?”

“అబ్బాయిలది.”

“ఆ! అదీ సంగతి.”

“తనిఖీ రోజు పొద్దున్నే వాళ్ళ ఒంటిమీంచి విప్పించి వీళ్ళకి తొడుగుతారు. దీనికి దొరికిన కోటువాడు తాటిచెట్టంత మనిషట. చేతులు ఇదిగో, వేళ్ళు దాటి ఇక్కడిదాకా. మడిచి గుండుసూది పెట్టారు. గుండుసూది, మేడమ్! పొద్దున్నుంచి సాయంత్రందాకా నా పనే చేతులు అతకడం. ముందురోజు రాత్రి ఆ కోటు ఇంటికి పంపించుంటే రెండు నిమిషాల్లో కుదించి ఇచ్చేదాన్ని. దారం కూడా నాదే పెట్టేదాన్ని. ఆ సూది ఊడింది, మడత జారింది, మిషను కోటు చేతిని పట్టుకుంది. కోటు చేతితోపాటు దీని చేతినీ.”

“అంటే ఆడపిల్లలకి అసలు కోట్లే ఇవ్వలేదన్నమాట. ఈ మాట మీరు చెప్తే చాలమ్మా, నేను—”

“నేనలా అన్లేదు.”

“ఇప్పుడే కదా అన్నారు!”

“వదులుగా ఉందన్నాను. బట్టలు కుట్టేదాన్ని కదా, కళ్ళు ఎప్పుడూ అక్కడికే పోతాయి.”

“అమ్మా, నన్ను చూసి భయపడకండి. నేను మీ వైపు.”

“భయమెందుకు మేడమ్? మీరు మంచివారే. మా అమ్మాయి కూడా అంది, మేడమ్ మంచిదమ్మా అని.”

“అందా? ఎప్పుడు?”

“ఎప్పుడో.”

“మామూలు రోజుల్లో ఈ పిల్లలు ఏం చేస్తారు?”

“చదువుకుంటారు.”

“ఎక్కడ?”

“స్కూల్లో.”

“స్కూల్లో ఎక్కడ?”

“వెనక గదిలో.”

“వెనక గదిలో మిషన్లున్నాయా?”

“ఫ్యానుంది.”

“అమ్మా!”

“ఉన్నమాటే చెప్తున్నా. ఒకమ్మాయి సార్లకి టీ కాస్తుంది. ఒకమ్మాయి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని హాజరు రాయిస్తారు. మిగతావాళ్ళు ఊడుస్తారు, తుడుస్తారు. ఇనప రజను ఎంత పడుతుందో తెలుసా అక్కడ? ఎంత ఊడ్చినా పోదు.”

“మీ అమ్మాయి?”

“దానికి కుళాయి పని.”

“కుళాయి పనా? పైపులు బిగించడమా?”

“అలాంటిదే లెండి.”

“నయం, ఏదో ఒకటి నేర్పుతున్నారు.”

“నేర్పుతున్నారు మేడమ్. బాగా నేర్పారు.”

“మీ అమ్మాయి ఈ చదువు తనే కోరుకుందా? మీరు చేర్పించారా?”

“నేనా! నేను మొత్తుకున్నాను వద్దని. నాతోపాటు ఫ్యాక్టరీకి రావే, నీడపట్టున కూర్చుని కుట్టుకుందువుగాని అన్నా. వింటేగా. ఇంట్లో దాన్ని స్పానరమ్మ అంటాం. తొమ్మిదేళ్ళప్పుడు నేను లేని టైము చూసి నా కుట్టు మిషను విప్పి నేలంతా పరిచింది. నేనొచ్చి చూసేసరికి గుండె ఆగింది. వీపు మీద రెండిచ్చాను. ఏడుస్తూనే మళ్ళీ బిగించింది. అంతా బిగించాక ఒక మర మిగిలింది. ఎంత వెతికినా దానికి చోటు కనపడలేదు. ఆ మర డబ్బాలో పడేశాం. అది లేకుండానే ఇప్పటికీ నడుస్తోంది మిషను, ఇంతకు ముందుకన్నా మెత్తగా.”

“చూశారా? అలాంటి పిల్లకి నేర్పకపోవడం ఎంత అన్యాయం! ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానంగా నేర్పి తీరాలని చట్టముంది. అది చట్టమమ్మా, ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు.”

“ఉందనే విన్నాను. ఆ చట్టం చూసే చేరింది అది. స్కూలు గోడమీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ గోడ తుడిచేది కూడా ఆడపిల్లలే.”

“అందుకే అంటున్నా. మీ అమ్మాయి ‘నాకు నేర్పలేదు, తనిఖీ కోసం నిలబెట్టారు’ అని ఒక్క మాట చెప్తే—”

“చెప్తే?”

“నేను పైకి రాస్తాను.”

“పైవాళ్ళు?”

“విచారణకి పంపిస్తారు.”

“ఎవరికి పంపిస్తారు?”

“అంటే, పద్ధతి ప్రకారం... ఆ స్కూలుకి.”

“ప్రిన్సిపాల్ సారుకి.”

“ఎవరి మీద ఫిర్యాదో ముందు వాళ్ళ జవాబు తీసుకోవాలమ్మా. రూలు అది.”

“బాగుంది. దొంగ దొరికితే దొంగనే పిలిచి అడుగుతారన్నమాట, బాబూ, నువ్వు దొంగవేనా అని.”

“నవ్వకండి.”

“నవ్వట్లేదు మేడమ్. నా మొహమే అంత. సరే, ఆయన కాదన్నాడనుకోండి. అప్పుడు?”

“రుజువుంటే చర్య తీసుకోవచ్చు.”

“ఏం చర్య?”

“హెచ్చరించవచ్చు.”

“హెచ్చరించినా వినకపోతే?”

“మళ్ళీ హెచ్చరిస్తాం. ఈసారి గట్టిగా.”

“గట్టిగా అంటే? అరుస్తారా? స్కూలు మూసేస్తారా? ఆయన ఉద్యోగం తీసేస్తారా? వచ్చే ఏడు ఆయనకి పిల్లల్ని ఇవ్వరా?”

“అంత అధికారం నాకు లేదమ్మా.”

“ఎవరికుంది?”

“పైన.”

“పైన ఎవరు?”

“నేను ఇరవయ్యేళ్ళుగా పైకే రాస్తున్నానమ్మా. పైన ఎవరున్నారో నాక్కూడా సరిగ్గా తెలీదు.”

“అయ్యో పాపం.”

“ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. ముందు ఒక జీపుండేది, డ్రైవరుండేవాడు. తీసేశారు. ఇవాళ బస్సులో వచ్చాను. ఏ స్కూలుకి వెళ్ళాలన్నా వారం ముందు చెప్పి వెళ్ళాలి. చెప్పకుండా వెళ్తే తప్పు నాదవుతుంది. వారం టైమిస్తే ఏం కనపడుతుంది నాకు? సున్నం వాసన కనపడుతుంది.”

“మరి దేనికి మేడమ్ తిరగడం?”

“తిరక్కపోతే ఆ సున్నం కూడా వెయ్యరు కదమ్మా.”

“అదీ నిజమే.”

“కానీ ఒక్కోసారి ఎక్కడో ఒక పిల్ల నోరు విప్పుతుంది. దానికోసమే తిరుగుతాను నేను. ఇదే స్కూల్లో నిరుడు ఏం జరిగిందో తెలుసా?”

“ఏం జరిగింది?”

“అంతా చూసి, సంతకం పెట్టి, చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికెళ్ళాను. ఒక పిల్ల సబ్బు తెచ్చిచ్చింది. టోపీ కళ్ళమీదకి ఉంది, మొహం కూడా సరిగ్గా కనపళ్ళేదు. సబ్బు నా చేతిలో పెడుతూ గబగబా అనేసింది. మేడమ్, మాకు మిషను నడపడం రాదు, ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు, మీరొస్తున్నారని ఇవాళ నిలబెట్టారు అని. అని, నీళ్ళు కట్టేసి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ అలా చెప్పలేదు నాకు.”

“మీరేం చేశారు?”

“ఆ సాయంత్రమే పైకి రాశాను.”

“ఆ పిల్ల పేరుతోనా?”

“పేరా! పేరు రాస్తే ఆ పిల్లని పీక్కుతినరూ? నాకామాత్రం తెలీదా? అందుకే పేరు అడగనే లేదు. ‘నేను చేతులు కడుక్కునేటప్పుడు సబ్బు తెచ్చిన విద్యార్థిని చెప్పినదాన్నిబట్టి’ అని మాత్రమే రాశాను. పేరు లేదు, క్లాసు లేదు, ఏ ఆనవాలూ లేదు.”

“సబ్బు తెచ్చిన విద్యార్థిని.”

“అంతే.”

“బాగా దాచారు మేడమ్.”

“ఆ జాగ్రత్త నాకుందమ్మా.”

“పైవాళ్ళు దాన్ని సారుకి పంపించారా? జవాబు కోసం?”

“పంపించారు. రూలు కదా.”

“ఏమని జవాబిచ్చారు సారు?”

“అలాంటిదేం లేదు, ఒక విద్యార్థిని సరదాకి అన్న మాట, ఇప్పుడంతా సర్దుకుంది అని.”

“సర్దుకునే ఉంటుంది లెండి. సర్దుకోక ఏం చేస్తుంది?”

“పైవాళ్ళు నన్నే తిరిగి అడిగారు. మీరు కళ్ళారా చూశారా, చెవులారా విన్నారా అని. విన్నానంటే, వినికిడి మాట చెల్లదన్నారు. అందుకే ఈసారి—”

“ఆ రోజు సబ్బుతో ఎంతమందిని పంపారు మేడమ్ మీ దగ్గరికి?”

“ఎంతమందేంటి? ఒక్కతే వచ్చింది. ఏం? ఉండండి, ఫోను... పై ఆఫీసు నుంచి. నమస్కారం సార్... ఆసుపత్రిలోనే ఉన్నాను సార్... ఇంకా మత్తులోనే ఉంది... లేద్సార్, అజాగ్రత్త అని నేనెక్కడా అన్లేదు. నేర్పకుండా నిలబెట్టారన్నాను... రుజువా? రుజువు ఆ పిల్లే కదా సార్... ఏంటి సార్? అందరు ఆడపిల్లల్నీనా?... అన్ని స్కూళ్ళలోనా?... భద్రత అంటే సార్, నేర్పితే భద్రతే కదా, నేర్పకపోవడం వల్లే కదా... తాత్కాలికంగా అంటే ఎప్పటిదాకా సార్?... కాద్సార్, ఎదురు చెప్పడం కాదు... రేపు పొద్దున్నే వెళ్తుందా ఉత్తర్వు?... అలాగే సార్. అలాగే. అలాగే సార్.”

“ఏమన్నారు?”

“ఏం లేదు. అమ్మాయికి ఎలా ఉందని అడిగారు.”

“పెద్దమనసు.”

“ఊఁ.”

“అందరు ఆడపిల్లలూ అన్నారు. అన్ని స్కూళ్ళూ అన్నారు. వేళ్ళు పోయింది మా అమ్మాయికి మేడమ్, నా చెవులు బాగానే ఉన్నాయి.”

“ఇకనుంచి ఆడపిల్లల్ని మిషన్ల దగ్గరికి పంపొద్దట. జాగ్రత్త కోసమట. ఈ జిల్లాలో ఎక్కడా.”

“ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు.”

“మగపిల్లలకి కూడా దెబ్బలు తగులుతాయి. పోయినేడాది ఇంకో స్కూల్లో ఒకడికి కన్ను పోయింది. మగపిల్లల్ని ఎవరూ ఆపలేదు.”

“అంటే దేశంలో ఉన్న ఆడపిల్లలందరికీ అడ్డంగా మా అమ్మాయి చెయ్యి పెట్టారన్నమాట.”

“దేశం కాదమ్మా, జిల్లా.”

“మా వీధి దాటితే నాకు అంతా దేశమే. మేడమ్, రాత్రి మత్తు వదిలి ఒక్క క్షణం కళ్ళు తెరిచింది అది. అమ్మా నొప్పి అనలేదు. నా చెయ్యేదీ అనలేదు. ‘నా సీటుంటుందా?’ అంది. ఉంటుందమ్మా, సీటెక్కడికి పోతుంది అన్నాను. ఇప్పుడు లేస్తే ఏం చెప్పను?”

“అందుకే అంటున్నా. ఆ ఉత్తర్వు ఇంకా బయటికి రాలేదు, రేపు పొద్దున్నే వస్తుంది. ఇవాళ మీ అమ్మాయి తన నోటితో చెప్తే, అది నేను విన్నది కాదు, తను చెప్పిందే అవుతుంది, ఉత్తర్వు ఆగుతుంది.”

“ఆగుతుందా?”

“ఆగొచ్చు.”

“ఆగుతుందా, ఆగొచ్చా?”

“ప్రయత్నం చెయ్యాలి కదమ్మా!”

“సారు ఏమన్నారో చెప్పమన్నారుగా. చెప్తా వినండి. ‘మీ అమ్మాయే ఉత్సాహం కొద్దీ ముందుకొచ్చి మిషను వేసిందని చెప్పండి. పరీక్ష కూడా రాయక్కర్లేదు, సర్టిఫికెట్టు ఇంటికి పంపిస్తాను’ అన్నారు. మిషను నడపడం బ్రహ్మాండంగా వచ్చునని సర్టిఫికెట్టు. వేళ్ళు లేని చేతికి.”

“మీరు ఒప్పుకున్నారా?”

“పళ్ళు తీసుకున్నాను. వద్దనలేదు.”

“అది తప్పమ్మా.”

“తప్పే. మీరు చెప్పేది ఒప్పు. మీ ఒప్పుతో ఏమొస్తుందో మీకే తెలీదు, ఆయన తప్పుతో కాగితమైనా వస్తుంది. నేనేం చెయ్యను మేడమ్? ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. మధ్యలో బల్ల. దానికీ ఒక కాలు లేదు.”

“ఏడవకండి.”

“ఏడవట్లేదు. ఒక్క మాట అడగనా? కోప్పడకూడదు.”

“అడగండి.”

“ఆరుగురు నిలబడ్డారు. దాన్నే ఎందుకు నడపమన్నారు?”

“అందరికన్నా ముందు నిలబడింది. కళ్ళు చురుగ్గా ఉన్నాయి. అబద్ధం ఆడదనిపించింది.”

“నడిపి చూపించమంటే అబద్ధమెక్కడుంది అందులో?”

“రాదు అంటుందనుకున్నానమ్మా.”

“ఏంటీ?”

“రాదు అంటుందనుకున్నా! నాకు కావలసింది ఆ మాటే. ప్రిన్సిపాల్ ముందు, సార్లందరి ముందు, నా కళ్ళముందు ఆ పిల్ల ‘రాదు మేడమ్’ అనాలి. అంటే అది వినికిడి మాట కాదు కదా. అప్పుడు పైవాళ్ళు నన్నేం అడుగుతారు? ఏడాదంతా ఆలోచించి పెట్టుకున్నాను. ఎప్పుడూ ముట్టుకోని పిల్లని మిషను వెయ్యమంటే ఏమంటుంది? భయపడుతుంది, రాదంటుంది. ఎవరైనా అంతే కదా! ఇది నాకెలా తెలుస్తుంది? సరే మేడమ్ అని చెయ్యి పెట్టేస్తుందని నాకెలా తెలుస్తుంది?”

“అంటే సారుని పట్టుకోడానికి దాన్ని ఎర వేశారా?”

“ఎర కాదు! అలా అనకండి. నాకింకేం దారుంది? నా చేతిలో ఏముంది చెప్పండి, చట్టముందా, జీపుందా, ఒక మనిషి తోడుందా? ఒక్క ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న అడిగాను. అంతే చేశాను. నోరుందిగా ఆ పిల్లకి? రాదు అని రెండు అక్షరాలు. ఎందుకనలేదు?”

“నన్నడిగితే నాకేం తెలుసు?”

“మీకు తెలుసు. ఇందాకట్నుంచీ చూస్తున్నా, మీకేదో తెలుసు, చెప్పట్లేదు.”

“నా నోటితో చెప్పించకండి మేడమ్. మీరు బస్సులో వచ్చారు, ఎండన పడి వచ్చారు. మిమ్మల్ని బాధపెట్టి నాకేం వస్తుంది?”

“ఏమ్మా, ఇది ఆసుపత్రా, సంతా? పక్క గదుల్లో రోగులున్నారు.”

“తప్పయిపోయింది నర్సమ్మా. ఇక అరవం.”

“మీ అమ్మాయి లేచింది. నీళ్ళడుగుతోంది. ఒక్కొక్క చెంచా పట్టించండి, గడగడా తాగించకండి. ఆవిడెవరు? చుట్టమా?”

“చుట్టమే అనుకోండి. రండి మేడమ్. అడుగుతానన్నారుగా, మీరే అడగండి.”

లోపల, కిటికీ పక్క మంచం.

“అమ్మా, ఎవరూ?”

“మేడమమ్మా. తనిఖీ మేడమ్. కదలకు, నీళ్ళు తాగు. ఆఁ అను.”

“నమస్తే మేడమ్. చెయ్యెత్తలేను.”

“వద్దమ్మా, పడుకో. ఎలా ఉంది నీకు?”

“అంతా బాగుంది మేడమ్.”

“నాకలా చెప్పక్కర్లేదు తల్లీ. ఇది తనిఖీ కాదు.”

“దురద పెడుతోంది మేడమ్. చూపుడు వేలు. అది లేదని అమ్మ చెప్పింది. లేకపోయినా దురద పెడుతోంది. నా సీటు గురించి వచ్చారా?”

“అవును. దానికే. నీ సీటూ, మిగతా ఆడపిల్లల సీట్లూ ఉండాలంటే నువ్వు నాకు నిజం చెప్పాలి. భయపడకు. ఇక్కడ మీ ప్రిన్సిపాల్ లేరు.”

“ఉన్నారు మేడమ్. పళ్ళు అవిగో.”

“ఆ మిషను నీకు ఎవరైనా నేర్పారా?”

“వెనక గది కిటికీలోంచి కనపడుతుంది మేడమ్. రోజూ చూసేదాన్ని. పచ్చ బొత్తాం నొక్కాలి, ఎడమ పక్క పిడి పైకెత్తాలి, పట్టు బిగించాకే ఎత్తాలి. అన్నీ సరిగ్గానే చేశాను. తిరిగింది కూడా. మీరు చూశారు కదా? తిరిగింది కదా మేడమ్?”

“తిరిగిందమ్మా. బాగా తిరిగింది.”

“చూశావా అమ్మా! మేడమ్ కూడా చూశారు. కోటు కిటికీలోంచి కనపడదు మేడమ్. పొడుగు చేతులు వేసుకుని మిషను దగ్గరికి పోకూడదని, అది ఒక్కటి చూసి తెలుసుకోలేకపోయాను. వాళ్ళందరికీ కోట్లు సరిపోతాయి.”

“తల్లీ, నేను నడపమన్నప్పుడు నువ్వు రాదు అంటే చాలు కదా. ఒక్క మాట. నాకు కావలసింది అదే. అది అనుంటే నీ వేళ్ళు నీకుండేవి, నీ సీటు నీకుండేది, ఆయన సంగతి నేను చూసుకునేదాన్ని. ఎందుకనలేదు?”

“సారు ముందే చెప్పారు మేడమ్. ఈసారి నిన్నే అందరికన్నా ముందు నిలబెడతాను, నువ్వయితే ఇంక నోరు తెరవవు అన్నారు.”

“నువ్వయితేనా? నువ్వయితే ఏంటి ప్రత్యేకం?”

“అమ్మా, చెప్పనా?”

“నీ ఇష్టమే స్పానరమ్మా. నేను మటుకు చెప్పలేకపోయాను.”

“రాదని నిరుడే చెప్పాను కదా మేడమ్, కుళాయి దగ్గర. ఆ తర్వాత మీరు రాసింది సారు అందరి ముందూ పైకి చదివారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం అబ్బాయిలు చేతులు కడుక్కునేదాకా నేను కుళాయి పక్కన నిలబడాలి. స్కూల్లో ఇప్పుడు నా పేరు ఎవరికీ గుర్తులేదు మేడమ్. అందరూ నన్ను సబ్బు అనే పిలుస్తారు.”